1971 నోవాలో 350 ఇంజన్ కట్టించాలి: రోడ్డు మీదా తిరగాలి, డ్రాగ్ స్ట్రిప్ మీదా పరుగెత్తాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక మాట. మీరు కార్ట్‌లో పెట్టుకున్న ఆ పెద్ద క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లను తెరిచి మూసే కడ్డీ) ఇంకా కొనకండి.

మీరు రాసింది నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ: డాలస్‌లో 1971 షెవ్రొలే నోవా కొన్నారు, అందులో 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్ ఉంది. పొద్దున స్టార్ట్ చేస్తే నీలిపొగ కొడుతోంది, ఆయిల్ తాగుతోంది. శని, ఆదివారాల్లో ఇంట్లోవాళ్లతో తిరగాలి, వీలైనప్పుడు ఎన్నిస్‌లోని డ్రాగ్ స్ట్రిప్ (నిటారు రేసు దారి) మీద పావు మైలు పరుగు తీయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ క్యామ్ వేయాలి, ఇంజన్‌ని 383 క్యూబిక్ అంగుళాలకు పెంచుకుంటే లాభమా అని అడిగారు.

నాది 1972 నోవా, ఇదే 350. ఇంజన్ దింపడం, విప్పడం, మళ్లీ కట్టడం నా గ్యారేజీలోనే చేసుకున్నాను. బోరింగ్ (సిలిండర్‌ని కోసి వెడల్పు చేయడం), హోనింగ్ (దాని లోపలి గోడని సానబట్టడం) లాంటివి మాత్రం మెషీన్ షాపులో చేయించాను. విజయవాడ ఆటోనగర్ పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి "ఇంజన్ బోరుకొచ్చింది" అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మీ ఇంజన్ లక్షణాలు చూస్తే అదే అనిపిస్తోంది. స్టార్ట్ చేసిన కాసేపు పొగ వచ్చి ఆగిపోతే అది వాల్వ్ సీల్స్ పని కావచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగులు, బోర్లు అయిపోయినట్టే. దింపకముందే ఎనిమిది సిలిండర్లకూ లీక్‌డౌన్ టెస్ట్ (గాలి ఎక్కించి ఎక్కడ కారుతుందో చూడటం) చేయండి. గాలి ఆయిల్ ఫిల్లర్ లోంచి బుసకొడితే రింగులు, కార్బొరేటర్ లోంచి వస్తే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్ గొట్టం లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్.

డబ్బు దేనికి ముందు పెట్టాలంటే నా లెక్క ఇది. మొదట బ్లాక్ కొలతలు, మెషీన్ పని. తర్వాత హెడ్‌లు. క్యామ్ అన్నిటికంటే ఆఖర్న, అదీ వెనక గేర్ రేషియో (చక్రం ఒక్కసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో), టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి అందించేది) తేల్చుకున్నాక. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. క్యామ్, మెరిసే వాల్వ్ కవర్లు ముందు కొనేసి, బోరింగ్ దగ్గరికి వచ్చేసరికి చవకలో కానిచ్చేస్తారు.

మీ ఇంజన్ కంపెనీలో పుట్టిందే చప్పగా. జనరల్ మోటార్స్ 1971లో తక్కువ ఆక్టేన్, తక్కువ సీసం ఉన్న పెట్రోల్ కోసం కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) తగ్గించేసింది. 1970లో ఎల్‌టీ-1 అనే 350కి 11:1 కంప్రెషన్, 370 హార్స్‌పవర్ ఉంటే, మరుసటి ఏడాది అదే ఎల్‌టీ-1 కి 9:1, 330 మిగిలాయి. మామూలు 350 లకు అంతకన్నా తక్కువే. కాబట్టి పాత పిస్టన్లు, పెద్ద చాంబర్ ఉన్న పాత హెడ్‌లు అలాగే ఉంచి పెద్ద క్యామ్ పడేస్తే, ఉన్న కాస్త కంప్రెషన్ కూడా తక్కువ ఆర్‌పీఎంలో నిలవదు. ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది, సిలిండర్‌లోకి వచ్చిన మిశ్రమంలో కొంత వెనక్కి పోతుంది. సిగ్నల్ దగ్గర ఐడిల్ మోత బాగుంటుంది గానీ, పచ్చలైట్ పడ్డాక కారు కదలదు. వాక్యూమ్ పడిపోతే పవర్ బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. ఇంట్లోవాళ్లని ఎక్కించుకునే కారులో అది ప్రమాదం.

లెక్క ఎలా మారుతుందో చూడండి. బోర్ (సిలిండర్ వ్యాసం) 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) పెంచితే 4.030 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 3.48, మొత్తం 355 క్యూబిక్ అంగుళాలు, అంటే 5.8 లీటర్లు. ఫ్లాట్‌టాప్ పిస్టన్లు, 41 థౌ గాస్కెట్, పిస్టన్ బ్లాక్ పైఅంచుకు 25 థౌ కింద ఆగుతుందనుకుందాం. పాత 76 సీసీ హెడ్‌లతో కంప్రెషన్ 8.6 దగ్గరే ఉంటుంది. 64 సీసీ హెడ్‌లు వేస్తే 9.7 అవుతుంది. బ్లాక్ పైభాగాన్ని డెకింగ్ చేయించి (కాస్త చెక్కించి) పిస్టన్ సమానంగా వచ్చేలా చేస్తే 10.3. అప్పుడు పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య సందు గాస్కెట్ మందమే, 41 థౌ. ఆ బిగువు వల్ల మిశ్రమం బాగా కలిసి నాకింగ్ (మిశ్రమం తనంత తానే పేలడం) తగ్గుతుంది. అల్యూమినియం హెడ్‌లు వేడిని త్వరగా లాగేస్తాయి కాబట్టి మన టెక్సస్‌లో దొరికే 93 ఆక్టేన్ మీద 10.3 హాయిగా నడుస్తుంది. నా కారు ఆగస్టు ఎండలో కూడా నాక్ అవలేదు. ఇనప హెడ్‌లే వేస్తానంటే 9.5 దగ్గర ఆగండి. అల్యూమినియం హెడ్‌లకు గట్టి వాల్వ్ సీట్లు ముందే ఉంటాయి, సీసం లేని పెట్రోల్‌కి సీట్లు అరిగిపోతాయన్న భయం ఉండదు.

మెషీన్ షాపులో ఏం అడగాలి? బ్లాక్‌ని హాట్ ట్యాంక్‌లో కడిగించి, పగుళ్లకు మ్యాగ్నాఫ్లక్స్ (అయస్కాంత పరీక్ష) చేయించండి. ఇంతకుముందే ఎవరైనా 30 థౌ బోర్ చేసి ఉంటే ఈసారి 40. 60కి వెళ్లాలంటే సిలిండర్ గోడల మందం సోనిక్ టెస్ట్ చేయకుండా ఒప్పుకోకండి. పిస్టన్లు చేతిలోకి వచ్చాకే హోనింగ్ చేయించండి, డబ్బా మీది కొలత చూసి కాదు, ఒక్కో పిస్టన్‌నీ కొలిచి. టార్క్ ప్లేట్ (హెడ్‌కి బదులు బిగించే మందపాటి పలక) బిగించి హోన్ చేస్తారా అని అడగడం మరచిపోవద్దు. హెడ్ బోల్టులు బిగిస్తే సిలిండర్ నోరు కాస్త వంకర పోతుంది. ప్లేట్ బిగించి హోన్ చేస్తే రేపు హెడ్ బిగించాక కూడా బోర్ గుండ్రంగా ఉంటుంది, రింగులు కూర్చుంటాయి. "అదేం అక్కర్లేదు" అనే షాపైతే ఇంకో షాపు చూసుకోండి. క్రాంక్ జర్నల్స్ (బేరింగులు కూర్చునే భాగాలు) 10 థౌ గ్రైండ్ చేయించి, కొత్త పిస్టన్ల బరువుతో మొత్తం బ్యాలెన్స్ చేయించండి. పాత కనెక్టింగ్ రాడ్లకు కొత్త బోల్టులు వేయించి రీసైజ్ చేయించే ఖర్చుకు కొత్త 5.7 అంగుళాల రాడ్లే దొరకొచ్చు, రెండు ధరలూ కనుక్కోండి.

ఇక విడిభాగాలు ఇంటికొచ్చాక అసలు పని. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. నేను కారు కొన్నప్పుడు "ఇంజన్ కొత్తగా రీబిల్డ్ చేసింది" అన్నారు. విప్పి చూస్తే మెయిన్ బేరింగులన్నిటి మీదా సన్నటి గీతలు, వేలిగోరు తగిలేంత లోతు. ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే దాదాపు శుభ్రం. ఎందుకో తెలిసేసరికి మెడ నొప్పి పుట్టింది: వెనక మెయిన్ క్యాప్ విప్పితే, బ్లాక్‌లో ఆయిల్ పంపు నుంచి పైకి వెళ్లే దారి దగ్గర లోపల ఒక చిన్న ప్లగ్ ఉండాలి. అది లేదు. హాట్ ట్యాంక్‌లో వేసే ముందు తీసి, మళ్లీ పెట్టలేదు. అది లేకపోతే ఆయిల్ ఫిల్టర్‌లోకి వెళ్లకుండా పక్కదారిన బేరింగులకు పోతుంది. ప్రెషర్ గేజీ మామూలుగానే చూపిస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. మీ బ్లాక్ షాపు నుంచి రాగానే ముందు అది చూడండి. ముందువైపు టైమింగ్ గేర్ వెనక మూడు గ్యాలరీ ప్లగ్గులు ఉంటాయి, అవీ చూడండి. షాపువాళ్లు కడిగి పంపినా సరే, సబ్బు నీళ్లతో, పొడవాటి బ్రష్‌లతో ప్రతి ఆయిల్ దారినీ మీరు మళ్లీ కడగండి. బోర్‌ని తెల్లటి గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. హోనింగ్ గరుకు మిగిలితే రింగులను కొద్ది రోజుల్లోనే తినేస్తుంది.

బేరింగ్ సందులు మైక్రోమీటర్, డయల్ బోర్ గేజీతో కొలవండి. మెయిన్‌లకు 2 నుంచి 2.5 థౌ నేను పెట్టుకున్న కొలత. రింగు రెండు కొసల మధ్య సందు మాత్రం నింపాదిగా చేయాల్సిన పని. రింగును బోర్‌లోకి దించి, పిస్టన్‌ని తలకిందులుగా పెట్టి సమానంగా నెట్టి, ఫీలర్ గేజీ దూర్చాలి. బోర్ అంగుళానికి 4.5 థౌ లెక్కన పై రింగుకు 18 థౌ వస్తుంది. హైపర్‌యూటెక్టిక్ (సిలికాన్ ఎక్కువున్న అల్యూమినియం) పిస్టన్లైతే ఇంతకంటే ఎక్కువ అడుగుతారు, తయారీదారు ఇచ్చిన కాగితమే మాట. ఫైల్‌తో ఒకవైపే రెండు మూడు రుద్దులు, మళ్లీ బోర్‌లో పెట్టి కొలత, అంచు మీద బర్ర్ లేకుండా రాయితో సున్నితంగా తుడుపు. ఏ రింగు ఏ సిలిండర్‌దో కలిసిపోకుండా పెట్టుకోండి. స్మాల్ బ్లాక్ షెవ్రొలేలో హెడ్ బోల్టులు నీళ్ల జాకెట్‌లోకి దిగుతాయి, మరలకు సీలెంట్ పూయకపోతే కూలెంట్ పైకి పాకుతుంది.

ఇప్పుడు క్యామ్. వెనక గేర్ ఎంతో కనుక్కోండి, ఇలాంటి కార్లలో 3.08 తరచుగా ఉంటుంది. నేను 3.73 వేశాను. టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ నెమ్మదిగా తిరిగే పై గేరు) లేదు కాబట్టి గంటకు 65 మైళ్ల దగ్గర, 26 అంగుళాల టైర్‌తో 3.73 కి ఇంజన్ 3100 చిల్లర తిరుగుతుంది, 3.08 కి 2600 లోపే. ఎన్నిస్ దాకా ఆ మోత భరించగలరా లేదా అనేది మీ ఇంట్లోవాళ్లను కూడా అడిగి తేల్చుకోండి. 3.73, 2500 ఆర్‌పీఎం స్టాల్ (కారు కదలకుండా ఇంజన్ చేరగల వేగం) కన్వర్టర్ ఉన్న ఈ ఇంజన్‌కి 50 థౌ లిఫ్ట్ దగ్గర 224/230 డిగ్రీల డ్యూరేషన్ (ఇన్‌టేక్/ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచి ఉండే కాలం), 110 లోబ్ సెపరేషన్ (క్యామ్ మీది ఆ రెండు ఉబ్బుల మధ్య కోణం) చాలా బాగా సరిపోయింది. బ్రేకులకు వాక్యూమ్ ఉంది, 6000 దాకా లాగుతుంది. మీరు కార్ట్‌లో పెట్టుకున్న క్యామ్‌కి ఉన్న 240 పైన డ్యూరేషన్ స్ట్రిప్ కోసమే బతికే కారుకి. డిగ్రీ వీల్ (డిగ్రీల గుర్తులున్న చక్రం) పెట్టి క్యామ్ ఎక్కడ కూర్చుందో కొలవండి, టైమింగ్ గేర్ మీది చుక్కల్ని నమ్మి వదిలేయొద్దు. పిస్టన్‌కీ వాల్వ్‌కీ మధ్య ఎంత సందు ఉందో తెలియడానికి పిస్టన్ మీద మోడలింగ్ క్లే పెట్టి, హెడ్ బిగించి, క్రాంక్ రెండు చుట్లు చేత్తో తిప్పి, హెడ్ తీసి క్లేని బ్లేడుతో కోసి మందం కొలవండి. ఇన్‌టేక్ వైపు 80 థౌ, ఎగ్జాస్ట్ వైపు 100 థౌ తగ్గకూడదు.

ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (చదునైన ట్యాపెట్ దాని మీద రుద్దుకుంటూ కదిలే రకం) చవక. కానీ ఇప్పటి ఆయిళ్లలో అరుగుదలని ఆపే జింక్ తగ్గింది, మొదటి 20 నిమిషాలు 2000 ఆర్‌పీఎం పైన ఆపకుండా నడపకపోతే లోబ్ అరిగి ఆ ఇనప రజను ఇంజన్ అంతా తిరుగుతుంది. నేను రెట్రోఫిట్ హైడ్రాలిక్ రోలర్ (ట్యాపెట్‌కి చిన్న చక్రం ఉండే రకం) వేయించుకున్నాను. ఖర్చు బాగానే ఎక్కువ, అయినా ఆ టెన్షన్ లేదు. రోలర్ అయితే క్యామ్ ముందుకు జరగకుండా బటన్ ఉండాలి, డిస్ట్రిబ్యూటర్ గేర్ ఆ క్యామ్ లోహానికి తగ్గది వేయాలి. ఈ రెండూ ఆర్డర్‌లోనే రాయించండి.

మొదటి స్టార్ట్‌కి ముందు డిస్ట్రిబ్యూటర్ తీసి, డ్రిల్‌తో ఆయిల్ పంపు తిప్పండి. క్రాంక్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ పదహారు రాకర్ల దగ్గరా ఆయిల్ ఊరేదాకా ఆపొద్దు. ఇగ్నిషన్ మొత్తం టైమింగ్ 34 నుంచి 36 డిగ్రీలు, రోడ్డు కోసం వాక్యూమ్ అడ్వాన్స్ ఉంచుకోండి.

స్ట్రిప్ సంగతి. ఎన్నిస్‌లోని టెక్సస్ మోటర్‌ప్లెక్స్ 1986లో మొదలైంది, ట్రాక్ కాంక్రీట్‌ది, పట్టు బాగుంటుంది. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం) నిబంధనల ప్రకారం 13.99 సెకన్లు, అంతకంటే త్వరగా పోతే హెల్మెట్ తప్పనిసరి, 11.49కి చేరితే రోల్ బార్. ఈ ఇంజన్‌తో, మంచి టైర్లతో నా కారు 12 సెకన్ల పైచిలుకులో పోతోంది, కాబట్టి మొదటి రోజే హెల్మెట్ తీసుకెళ్లండి. బ్యాటరీ గట్టిగా బిగించి ఉందా, రేడియేటర్ పొంగితే పట్టే డబ్బా ఉందా అని తనిఖీలో చూస్తారు.

383 సంగతికొస్తే, మీ క్రాంక్ బాగుంటే వద్దు. పాత 400 ఇంజన్ క్రాంక్‌కి 3.75 అంగుళాల స్ట్రోక్, దాన్ని 30 థౌ బోర్‌లో వేస్తే 383 అవుతుంది. కింది ఆర్‌పీఎంలో టార్క్ నిజంగానే పెరుగుతుంది, బరువైన కారుకి అది వరం. కానీ రాడ్లు తగలకుండా బ్లాక్ అంచులను గ్రైండ్ చేయాలి, పాత 400 క్రాంక్ అయితే బయటి బ్యాలెన్స్ కాబట్టి డ్యాంపర్ (క్రాంక్ ముందు చక్రం), ఫ్లెక్స్‌ప్లేట్ (వెనక పలక) మార్చాలి. మీ క్రాంక్ పగిలినా, గ్రైండ్‌కి పనికిరాకపోయినా అప్పుడు బయట దొరికే 383 కిట్ తీసుకోవడంలో అర్థం ఉంది. బ్లాక్ కడిగి కొలిచాక షాపువాళ్లు బోర్, జర్నల్, డెక్ కొలతలు కాగితం మీద ఇస్తారు. అవి రాయండి, పిస్టన్లు ఏ సైజు ఆర్డర్ పెట్టాలో, 383 అవసరమో కాదో అప్పుడు చెప్తాను.