స్టఫింగ్ బాక్స్ పని గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి తిరుపతి నుంచి మామ ఆశీస్సులు.

పడవలో ఇంజను నుంచి వెనక ఫ్యానుకి పోయే షాఫ్ట్ కాడ నీళ్లు చుక్కలు చుక్కలుగా కారతా ఉండాయి, ఓనరేమో ఒక్క చుక్క కూడా రాకుండా బిగించెయ్ అంటా ఉండాడు అని ఫోన్లో చెప్పినావే, ముందు ఆ స్పానర్ పక్కన పెట్టు నాయనా. ఇది ఫోన్లో తెగే మాట కాదు, అందుకే కూర్చుని రాస్తా ఉండా, నిదానంగా రెండుసార్లు చదువుకో.

ఊర్లో మన బాయి కాడ మోటరుకి గ్లాండ్ తాడు వేసేది చిన్నప్పటి నుంచీ చూసినోడివే నువ్వు. ఇదీ ఆ పనే, షాఫ్ట్ చుట్టూ తాడు కూరి నీళ్లు ఆపే ఆ గ్లాండునే పడవలో స్టఫింగ్ బాక్స్ అంటారు. ఆడ పంపులో నీళ్లు షాఫ్ట్ వెంబడి బయటికి రాకుండా, ఈడ సముద్రం నీళ్లు షాఫ్ట్ వెంబడి పడవలోకి రాకుండా, అంతే తేడా. బాయి మోటరుకి రెండు బోల్టులతో గ్లాండ్ నొక్కుతాం, నీ పడవకి పెద్ద నట్టు, దాని వెనకాల లాక్ నట్టు, నువ్వు పంపిన ఫోటోలో చూసినా. ఇంకో సంగతి, బాయి కాడ గ్లాండ్ పోతే ఒకపూట చేను తడవదు, ఈడ పోతే పడవే మునిగిపోతాది.

ఇప్పుడు ఆ చుక్క సంగతి. నట్టు బిగించేకొద్దీ లోపల తాడు రింగులు నొక్కుకుని పక్కకి ఉబ్బి షాఫ్ట్ ని పట్టుకుంటాయి. షాఫ్ట్ తిరిగేటప్పుడు ఆ పట్టు మధ్యలో పల్చగా నీటి పొర ఉండాల, చల్లబరిచేదీ అదే, నూనె మాదిరి పనిచేసేదీ అదే. చుక్క కూడా రాకుండా బిగిస్తే తాడు వేడెక్కి మాడి గట్టిబడి షాఫ్ట్ ని కోసేస్తాది, షాఫ్ట్ మీద గాడి పడినాక నువ్వు ఎంత బిగించినా ఆ గాడిలోంచి నీళ్లు వస్తానే ఉంటాయి, ఇంకా బిగిస్తావు, ఇంకా కోస్తాది. అవిసె నారతో అల్లి మైనమో కొవ్వో పట్టించిన పాత రకం తాడైతే ఇంజను గేరులో ఉన్నప్పుడు నిమిషానికి 2, 3 చుక్కలు రావాల, ఇంజను ఆపినాక ఆగిపోవాల. టెఫ్లాన్ రకం తాళ్లయితే ఇంకా తక్కువ కారినా పర్వాలేదు, గ్లాండ్ చల్లగా ఉంటే చాలు. మీ ఓనరుకి లెక్క చెప్పు, ఒక మిల్లీలీటరుకి సుమారు 20 చుక్కలు, నిమిషానికి 3 చుక్కలంటే గంటకి 9 మిల్లీలీటర్లు, 24 గంటలు ఇంజను ఆపకుండా నడిపినా ఒక పెద్ద గ్లాసుడు నీళ్లు. పడవ అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపుకి అదొక లెక్కా. ఆ గ్లాసుడు నీళ్లకి భయపడి షాఫ్ట్ ని పాడు చేసుకోవద్దని నా మాటగా చెప్పు.

తాడు కంటే ముందు నువ్వు చూడాల్సింది ఒకటుంది, శానా మంది దీన్ని చూడనే చూడరు. స్టఫింగ్ బాక్స్ ని, షాఫ్ట్ బయటికి పోయే పడవ ట్యూబుకి కలిపే రబ్బరు హోస్. తాడు పాతబడితే నీళ్లు కారతాయి, హోస్ చినిగితే సముద్రం లోపలికొస్తాది, రెండూ ఒకటి కాదు. చేత్తో చుట్టూ పిసికి చూడు, మెత్తబడిందా, పగుళ్లున్నాయా, ఉబ్బిందా. అడుగుపక్క కనపడదు కాబట్టి చిన్న అద్దం పెట్టి చూడు. రెండు కొసలకీ రెండేసి స్టీలు క్లిప్పులుండాల, వాటి స్క్రూకి అయస్కాంతం పెట్టి చూడు, టక్కున అతుక్కుంటే అది మామూలు ఇనుమో తుప్పు పట్టే రకం స్టీలో అయ్యుంటాది, పట్టీ మెరస్తానే ఉంటాది గానీ స్క్రూ లోపల తుప్పు తినేసి ఉండొచ్చు. హోస్ మార్చాల్సి వస్తే స్టఫింగ్ బాక్స్ కోసమే అమ్మే మందపాటిదే కొనాల, లారీ రేడియేటర్ హోస్ తెచ్చి వేసేవాళ్లున్నారు, వాళ్ల మాట వినొద్దు. హోస్ మార్చడానికి షాఫ్ట్ ని ఇంజనుకి కలిపే కప్లింగ్ ఊడదీయాల, అది పడవ ఒడ్డుకెక్కినప్పుడు చేసే పని.

తాడు ఎప్పుడు మార్చాల అంటే, మాటిమాటికీ బిగించాల్సి వస్తా ఉంటే, లేదా నట్టుకి ఇంక మరలు మిగలకపోతే. నీకిది మొదటిసారి కాబట్టి పడవ ఒడ్డు మీద ఉన్నప్పుడే చెయ్యి. నీళ్లలో ఉండంగానే చేసేవాళ్లూ ఉన్నారు, బయట షాఫ్ట్ చుట్టూ గుడ్డో ప్లాస్టిక్ కవరో గట్టిగా చుట్టి, రింగులన్నీ ముందే కోసి పెట్టుకుని, బ్యాటరీ ఫుల్ గా ఉందో లేదో బిల్జ్ పంపు వేసి చూసుకుని, పక్కన ఇంకో మనిషిని పెట్టుకుని. ఒక్కడివే ఉన్నప్పుడు నీళ్లలో ఉన్న పడవకి ఈ పని పెట్టుకోవద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తా ఉండా. ఒడ్డు మీదైనా నీళ్లలోనైనా ఇంజను తాళం తీసి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టు.

కొనేముందు సైజు. పాత తాడు కొలిచి కొనొద్దు, అది నొక్కుకుని సన్నబడి ఉంటాది. షాఫ్ట్ కీ నట్టు లోపలి గోడకీ మధ్య సందు కొలవాల. షాఫ్ట్ 1 అంగుళం, నట్టు లోపల ఒకటిన్నర అంగుళం ఉంటే సందు పావు అంగుళం, అదే తాడు సైజు. కాలిపర్ లేకపోతే డ్రిల్ బిట్ల వెనక నున్నటి కొస ఒక్కొక్కటే ఆ సందులో పెట్టి చూడు, ఏది సరిగ్గా పట్టుకుంటే అదే. గ్రాఫైట్ కలిసిన నల్ల తాడు అంగట్లో చూపిస్తారు, ఫ్యాక్టరీ పంపులకి బాగుంటాది, ఉప్పు నీళ్లలో స్టీలు షాఫ్ట్ కి మాత్రం వద్దు, గ్రాఫైటు తగిలిన కాడ లోహాన్ని తినేస్తాది.

విప్పేటప్పుడు రెండు స్పానర్లు కావాల, ఒకటి గ్లాండ్ ని కదలకుండా పట్టుకోడానికి, ఒకటి తిప్పడానికి. ఒక్క స్పానర్ తో బలం పెడితే గ్లాండంతా తిరిగి హోస్ మెలిబడతాది. నట్టు రాకపోతే తుప్పు వదిలించే ఆయిల్ కొంచెం మర మీద వేసి నానబెట్టు, రబ్బరు మీద పడనీయొద్దు.

పాత రింగులు తీసేది ఓపిక పని. మర కొస ఉన్న కొక్కీ దొరకతాది, దాన్ని తాడులోకే దించి లాగు, షాఫ్ట్ కి గీత పడకూడదు. ఎన్ని రింగులొచ్చినాయో లెక్కపెట్టు. అడుగున ఒకటి పచ్చడి పచ్చడై అతుక్కుని ఉంటాది, అది అయిపోయింది అనుకుని కొత్తవి దాని మీదనే వేసేస్తారు, టార్చి కొట్టి లోపల లోహం మెరిసేదాకా చూడు. అప్పుడు షాఫ్ట్ మీద గోరు పెట్టి రాసి చూడు, గోరు గాడిలో పట్టుకుంటే కొత్త తాడు ఎంత మంచిదైనా నిలవదు, లేతు పనోళ్లకి చూపించాల.

తాడుని ఒకటే పొడుగుగా చుట్లు చుట్టి లోపలికి తోసెయ్యొద్దు. షాఫ్ట్ మీదనే చుట్టి కొత్త బ్లేడుతో ఏటవాలుగా కోసి ఒక్కొక్క రింగూ విడిగా చెయ్యి, కొసలు రెండూ ఒకదానికొకటి సరిగ్గా ఆనుకోవాల, సందు ఉండకూడదు, ఎక్కీ ఉండకూడదు. నార తాడైతే నీళ్లకి పోని గ్రీజు పూసి వెయ్యి. ఒక్కొక్కటీ పైపు ముక్కతో నొక్కి కూర్చోబెట్టినాకే ఇంకోటి. మూడు రింగులైతే అతుకులు మూడు పక్కలకి రావాల, అతుకు మీద అతుకు పడితే నీళ్లకి దారి దొరికినట్టే. నట్టు చేత్తో ఎంత తిరిగితే అంత, ఆపైన స్పానర్ తో కొంచెమే.

పడవ నీళ్లలో దిగినాక గట్టుకి మోకులు బాగా కట్టి ఇంజను గేరులో వేసి నిదానంగా నడుపు. కొత్త తాడు ముందు కొంచెం ఎక్కువే కారతాది, కంగారుపడి బిగించొద్దు, సర్దుకోనీ. తర్వాత నట్టు ఆరు మొహాల్లో ఒక మొహం కంటే తక్కువ తిప్పు, పది నిమిషాలు చూడు, మళ్లీ తిప్పు. ఇంజను ఆపి గ్లాండ్ మీద చెయ్యి పెట్టు, గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేకపోతే వెంటనే వదులు చెయ్యి. చుక్కలు లెక్కకొచ్చినాక లాక్ నట్టు బాగా బిగించు, అది వదులైతే పెద్ద నట్టు తనంతట తానే తిరిగి వెనక్కి వచ్చేస్తాది. కొన్ని గంటలు నడిచినాక ఇంకోసారి చూడు.

తెరచాప పడవ కాబట్టి ఇంకో మాట. ఇంజను ఎక్కువ వాడరు, షాఫ్ట్ వారాల తరబడి తిరగదు, అప్పుడు తాడు కింద నీళ్లు కదలకుండా నిలబడి గాలి అందక స్టీలు షాఫ్ట్ కి కూడా గుంటలు పడతాయి. అందుకని వాడినా వాడకపోయినా అప్పుడప్పుడూ ఇంజను వేసి షాఫ్ట్ తిప్పు. ఇంక కొత్త తాడు వేసిన కొన్నాళ్లకే మళ్లీ కారతా ఉంటే తప్పు తాడుది కాకపోవచ్చు, ఇంజను షాఫ్టుకి వంకరగా కూర్చుని ఉండొచ్చు, లేదా వెనక ఫ్యాను కాడ రబ్బరు బేరింగ్ అరిగి ఉండొచ్చు. ఇంజనూ షాఫ్టూ ఒకే లైనులో ఉన్నాయా అని చూసేది పడవ నీళ్లలో ఉన్నప్పుడే, ఒడ్డు మీద పడవ ఒళ్లు కొంచెం వంగతాది, ఆడ కొలిచింది ఈడ పనికిరాదు.

చుక్కే కారని సీలు వేద్దాం అని ఓనరు అంటే అదీ మంచిదే, కానీ దానికీ బెల్లో అని ముడతల రబ్బరు గొట్టం ఉంటాది, దాన్నీ చూసుకోవాల, చెడిపోతే నడి సముద్రంలో నువ్వు కోసి వేసేది ఏమీ ఉండదు. నన్నడిగితే నీకు తాడే మేలు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు సూళ్లూరుపేట, వాకాడు పక్కంతా మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది, సముద్రం మనకీ ఉండాది ఇప్పుడు, ఈ పని చేతికొచ్చిందంటే రేపు ఇంటికి దగ్గర్లోనే నాలుగు పడవలు చూసుకోవచ్చు నువ్వు.

షాఫ్ట్ కొలత, సందు కొలత రాసి పంపు, హోస్ క్లిప్పుల ఫోటోలు కిందనుంచి కూడా తియ్యి. అవి చూసి ఎంత తాడు కొనాలో చెప్తా, అంతదాకా ఆ నట్టు ముట్టుకోవద్దు.

మీ మామ