బుజ్జీ, గుమ్మడికాయ నీళ్ళు పిండకుండా ఓవెన్ జోలికి పోకు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, నీ కూతురు ఓవెన్ కొంది, గుడ్ ఫ్రైడేకి సంఘంలో 40 మందికి ఏదో లెబనాన్ వంట చేసి పెడతానని పాస్టరు గారికి మాట కూడా ఇచ్చేసింది" అంది. ఏం వంటే అని గద్దించి అడిగితే "గుమ్మడికాయతో చేస్తారని నువ్వు చెప్పేదానివి చూడు, అదేదో కిబ్బే" అంది. అంతే, ఇక నాకు నిద్ర లేదు. సంతోషమో భయమో నాకే తెలియలేదు. కువైట్లో ఒక లెబనాన్ వాళ్ళ వంటింట్లో 16 ఏళ్ళు చేశాను. తిరిగొచ్చాక నేను తెచ్చిన దుప్పట్ల గురించి అడిగారు, బంగారం గురించి అడిగారు, ఆ వంట ఎలా చేస్తారు పెద్దమ్మా అని ఒక్కళ్ళూ అడగలేదు. నువ్వూ అడగలేదులే, ఏకంగా ఓవెనే కొనేశావు. వీడియోలు చూస్తున్నావట కదా. చూడు, కాదనను. కానీ ఆ వీడియోలో అమ్మాయి గుమ్మడికాయ గుజ్జు గిన్నెలో వేసిన చోట ఆపి, గిన్నె అడుగున నీళ్ళున్నాయో లేదో ఒకసారి చూసుకో. ఎందుకో కింద చెప్తాను. ఇదంతా ఫోన్లో ఒక్క వేలితో కొడుతున్నా, తప్పులుంటే సర్దుకో.

ముందు ఆ ఓవెన్ సంగతి. దాన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టావో, నేను బస్సెక్కి వచ్చి పీకేస్తాను. నవ్వకు. ఇస్త్రీ పెట్టె పెట్టిన బాక్సు కరిగిపోయి కర్టెన్ అంటుకోవడం నా కళ్ళతో చూశాను. ఏసీకో గీజరుకో ఉండే పెద్ద ప్లగ్గు, 16 ఆంపియర్లది, దానికే పెట్టు. అది వంటింట్లో లేకపోతే ఓవెనే హాల్లోకి తెచ్చుకో. తలుపు తీసేటప్పుడు ముఖం పక్కకి పెట్టు, ఆవిరి కొడుతుంది. పళ్ళెం పట్టుకోవడానికి పొడిగుడ్డే వాడు, తడిగుడ్డ వద్దు. నా కుడి ముంజేతి మీద మచ్చ గుర్తుందా, చిన్నప్పుడు "పెద్దమ్మ చేతి మీద జెర్రి" అని ఏడ్చేదానివి, అది తడిగుడ్డతో పళ్ళెం తీసిన ఫలితం.

ఇక వంట. దాని పేరు కిబ్బెత్ లక్తీన్. లక్తీన్ అంటే గుమ్మడికాయ. లెబనాన్ వాళ్ళు మధ్యలో ఆ 'క'ని గొంతులోనే మింగేస్తారు, మొదటి ఏడాది వాళ్ళు ఏ కూరగాయ అడుగుతున్నారో నాకు అర్థమయ్యేది కాదు. మా మదామ్ వాళ్ళ అమ్మగారిది ఉత్తర లెబనాన్లో జ్ఘర్తా. పిల్లలంతా ఆవిడని తేతా అనేవాళ్ళు, అంటే మామ్మ అని. నేనూ తేతా అనే పిలిచాను. జ్ఘర్తా వాళ్ళకి కిబ్బే అంటే మనకి ఆవకాయ లాంటిది, ప్రాణం పెడతారు, పక్కూరి వాళ్ళది నోట్లో పెట్టుకోకముందే వంక పెడతారు. మామూలు రోజుల్లో అది మాంసం వంటే. మాంసాన్నీ, బుర్గుల్ అనే గోధుమ నూకనీ రాతి రోట్లో దంచి చేస్తారు. ఆ రోలుని జొర్న్ అంటారు, అచ్చం మన రోలే. శ్రమల దినాల్లో, అదే ఈస్టరుకి ముందు ఉపవాసాల రోజుల్లో, మాంసం ముట్టరు కాబట్టి అదే కిబ్బేని గుమ్మడికాయతోనో బంగాళాదుంపతోనో చేస్తారు, దాన్ని కిబ్బే హజీనే అంటారు. హజీనే అంటే దుఃఖంలో ఉన్నది అని. మాంసం లేదు కాబట్టి కిబ్బేకే ఏడుపొచ్చిందట. గుడ్ ఫ్రైడే నాడు వాళ్ళిళ్ళలో ఇదే. అన్నట్టు మనకి భస్మ బుధవారం కదా, ఆ మారోనైట్ వాళ్ళకి, అంటే తేతా వాళ్ళలాంటి లెబనాన్ కాథలిక్కులకి, సోమవారమే నుదుట బూడిద పెడతారు. మొదటి ఏడాది తేతా నుదురు చూసి మసి అంటిందనుకుని తుడవబోయాను.

బుర్గుల్ దగ్గర మోసపోకు. మన గోధుమ రవ్వ, దలియా, అది బుర్గుల్ కాదు. బుర్గుల్ అంటే గోధుమల్ని ముందు ఉడకబెట్టి, ఎండబెట్టి, తర్వాత విసిరినది. మన ఉప్పుడు బియ్యం ఎలాగో అది అలాగన్నమాట. వేసవి చివర్లో పెద్ద పెద్ద రాగి కాగుల్లో గోధుమలు ఉడికించి డాబాల మీద ఆరబోసేవాళ్ళమని, పిల్లలు కాగు చుట్టూ గిన్నెలు పట్టుకుని వేడివేడి గోధుమలు అడుక్కునేవాళ్ళని తేతా చెప్పేది. ముందే ఉడికింది కాబట్టి తడి తగిలితే చాలు మెత్తబడుతుంది. దలియా పచ్చిది, ఎంత నానినా మధ్యలో పలుకుంటుంది, తిన్నవాళ్ళు ఇసుక అనుకుంటారు. హైదరాబాదులో పెద్ద షాపుల్లో దొరుకుతుంది, సన్నది, ఒకటో నంబరుది అడుగు. కొన్ని దలియా ప్యాకెట్ల మీద కూడా బల్గర్ అని వేసేస్తున్నారు, పేరు చూసి నమ్మకు. ఒక చెంచాడు నూకని గోరువెచ్చని నీళ్ళలో 20 నిమిషాలు నానేసి కొరికి చూడు, పంటికి పలుకు తగిలితే అది ఉప్మాకి పనికొస్తుంది. 

ఇప్పుడు గుమ్మడికాయ. ఇది కుదురుగా కూర్చుని చదువు.

2000 ఏప్రిల్, కువైట్లో నా రెండో ఏడాది. గుడ్ ఫ్రైడేకి మదామ్ వాళ్ళ చుట్టాలు 18 మంది భోజనానికి వస్తున్నారు. గురువారం సాయంత్రం తేతా నాకు పని అప్పజెప్పింది. గుమ్మడికాయ ఉడికించు, గుడ్డలో వెయ్యి, గట్టిగా పిండు, మూటకట్టి సింకు మీద కుళాయికి వేలాడదియ్యి, పొద్దున దాకా నీళ్ళు కారాలి. అంతే పని. నేను ఉడికించాను. గుడ్డ కూడా తీసి పెట్టుకున్నాను. కానీ ఆ రోజు పొద్దుటే మీ అమ్మని నొప్పులతో రాజోలు ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. ఊళ్ళో ఎస్టీడీ బూత్ నుంచి మీ తాతయ్య ఫోన్ చేస్తానన్నాడు. ఇక నేను ఆ ఫోన్ పక్కనే నేల మీద కూర్చున్నాను. అక్కడ పదిన్నర అంటే ఇక్కడ రాత్రి ఒంటిగంట. ఆ టైముకి ఎవరు చేస్తారు? అయినా కూర్చున్నాను. మోగినప్పుడు ఒక్క నిమిషం మాట్లాడాడు, "ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం". అంటే నువ్వన్నమాట. ఏడ్చి, ప్రార్థన చేసుకుని, అలాగే ఫోన్ పక్కనే నిద్రపోయాను. గుమ్మడికాయ గిన్నెలోనే ఉండిపోయింది.

పొద్దున లేచి చూస్తే గుజ్జు నీళ్ళలో తేలుతోంది. పైపైన జల్లెడలో వార్చి, ఏం కాదులే అని బుర్గుల్ కలిపేశాను. జారుగా ఉంది. ఇంకో గుప్పెడు వేశాను. ఇంకా జారుగానే ఉంది. భయమేసి మైదా వేశాను, మళ్ళీ వేశాను. చివరికి అది కిబ్బే పిండీ కాదు, బజ్జీ పిండీ కాదు. ఓవెన్లో గంట పెట్టినా పైన అట్ట కట్టింది, లోపల జావ. మదామ్ కత్తి పెట్టి ముక్క తియ్యబోతే ముక్క రాలేదు, గరిటెతో తియ్యాల్సి వచ్చింది. 18 మంది చూస్తుండగా మదామ్ నావైపు తిరిగి ఏమైంది అంది.

నేనేమన్నానో తెలుసా? గుమ్మడికాయ మంచిది కాదు మదామ్, కుళ్ళింది పంపాడు అన్నాను.

వీధి చివర బకాలా ఉండేది, కిరాణా కొట్టు. కూరగాయలు అక్కడినుంచే వచ్చేవి. తెచ్చిచ్చే కుర్రాడు రాయచోటి వాడు, పట్టుమని ఇరవై ఏళ్ళు ఉండవు. నాకు మన తెలుగు వినపడే దిక్కు వాడొక్కడే, అక్కా అక్కా అంటూ మెట్ల మీద రెండు నిమిషాలు ఊరి కబుర్లు చెప్పి పోయేవాడు. మదామ్ అప్పటికప్పుడు కొట్టుకి ఫోన్ చేసి అరిచింది. ఆ ఇంటి సరుకు ఆ కొట్టు నుంచి ఆపేసింది. నేను పక్కనే ప్లేట్లు సర్దుతూ విన్నాను. నోరు విప్పలేదు.

తేతా ఆ జావని గరిటెతో తీసి తలా కాస్త వడ్డించింది. "కిబ్బే హజీనే కదా, ఈసారి మరీ ఎక్కువ ఏడ్చింది" అని నవ్వించింది. అందరూ తిన్నారు. రుచికేం లోటు లేదు మరి, నూనె ఉంది, ఉల్లిపాయ ఉంది. రాత్రి అందరూ వెళ్ళాక వంటింట్లోకి వచ్చి, నేను తీసిపెట్టిన ఆ పొడి గుడ్డని, ఒక్క చుక్క తడి తగలని గుడ్డని, మడత పెట్టి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. కూతురికి చెప్పలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ అబ్బాయి మళ్ళీ ఒకసారే కనిపించాడు, కొన్ని నెలల తర్వాత, బస్‌స్టాపులో. "బాగున్నావా అక్కా, చెల్లెలికి ఆడపిల్లంట కదా" అన్నాడు. బాగున్నానన్నాను. బస్సొచ్చింది. చెప్పలేదు, బుజ్జీ. ఇప్పటికీ మార్కెట్లో గుమ్మడికాయ మీద వేలితో కొట్టి చూసేటప్పుడల్లా వాడే గుర్తొస్తాడు.

కాబట్టి నేను చెప్పినట్టు చెయ్యి. కాయని నీళ్ళలో ఉడకబెట్టనే వద్దు. తొక్కతోనే పెద్ద ముక్కలుగా కోసి, ఓవెన్లో 200 డిగ్రీల మీద కత్తి దిగేదాకా కాల్చు, ముప్పావుగంట, గంట పట్టొచ్చు. చల్లారాక గుజ్జు తీసి పాత కాటన్ పంచె గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదియ్యి. పొద్దున మళ్ళీ పిండు. దాదాపు సగానికి తగ్గిపోతుంది, అయ్యో అనుకోకు. కారిన నీళ్ళు పారబొయ్యకు, పిండి మరీ గట్టిగా అయితే రెండు చెంచాలు వెనక్కి పోసుకోవచ్చు. ఒక పళ్ళేనికి పిండిన గుజ్జు కేజీ, బుర్గుల్ రెండు కప్పులు, మైదా అరకప్పు, ఒక ఉల్లిపాయ తురుము, ఉప్పు, జీలకర్ర పొడి, చిటికెడు దాల్చినచెక్క. బుర్గుల్‌ని విడిగా నానబెట్టకు, పొడిగానే కలిపి గంట వదిలెయ్యి, గుమ్మడికాయ తడే అది తాగుతుంది. తర్వాత గుప్పిట్లో పట్టి పిసికి చెయ్యి తెరువు. వేళ్ళ అచ్చులు నిలబడాలి. నిలబడితేనే ముందుకి వెళ్ళు.

లోపలి కూర తేలికే. నాలుగు పెద్ద ఉల్లిపాయలు ఆలివ్ నూనెలో నిదానంగా మగ్గించి, పాలకూర ఉప్పుతో నలిపి నీళ్ళు పిండి (ఇక్కడా పిండడమే), ఉడికిన కాబూలీ శనగలు తొక్క తీసి బద్దలు చేసి, గుప్పెడు అక్రోట్లు, సుమాక్ అనే పుల్లటి ఎర్రపొడి, దానిమ్మ పులుసు కలుపు. సుమాక్ దొరక్కపోతే నిమ్మకాయ పిండు. చింతపండు మాత్రం వద్దు, నీ చెయ్యి అటే పోతుందని నాకు తెలుసు, అది పులిహోర వాసన వచ్చి కూర్చుంటుంది.

పళ్ళేనికి నూనె రాసి సగం పిండి పరువు, మీద కూర, మీద మిగతా పిండి. పై పొరని ఒకేసారి పరవలేవు, కూరంతా లేచొస్తుంది. అరచేతిలో చిన్న చిన్న బిళ్ళలు తట్టి పక్కపక్కన పెట్టి, తడి చేత్తో అతుకులు కలుపు. పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టుకో, మాటిమాటికీ చెయ్యి ముంచు. కత్తితో డైమండ్ ముక్కలు గీసెయ్యి, కాల్చాక కొయ్యబోతే విరుగుతుంది. నడిమధ్యలో వేలితో ఒక కన్నం పెట్టు. అరకప్పు ఆలివ్ నూనె పైనంతా పొయ్యి, కక్కుర్తి పడకు. 200 డిగ్రీలు, 45 నిమిషాలు. అంచులు పళ్ళేన్ని వదిలి లోపలికి జరిగితే అయినట్టు. వెంటనే ముట్టుకోకు, అరగంట ఆగు. ఇది చల్లారాకే బాగుంటుంది, నీకు అదే కలిసొచ్చేది, మూడు గంటల ఆరాధన అయ్యేదాకా దానికేం కాదు.

40 మందికి ఒక పళ్ళెం చాలదు. నీ ఓవెన్లో పట్టే పళ్ళేనికి 16 ముక్కలొస్తే గొప్ప, కాబట్టి మూడు చెయ్యాలి, ఒకదాని తర్వాత ఒకటి. మట్టలాదివారానికి ముందే ఒకటి చేసి ఇంట్లో వాళ్ళకి పెట్టి చూడు. మీ ఆయన బాగుందంటే నమ్మకు, అతను అన్నీ బాగుందనే అంటాడు. మీ అత్తగారిని అడుగు. ఆ రోజు ఒకవేళ చెడిందే అనుకో, గరిటెతో వడ్డించి, నేనే చెడగొట్టానండీ అని చెప్పెయ్యి.

తేతా మడత పెట్టి ఇచ్చిన గుడ్డ నా ట్రంకు పెట్టెలో ఉంది. ఇన్నేళ్ళుగా ఊరగాయ జాడీకి కూడా కట్టలేదు. ఆదివారం మీ అమ్మ చేత పంపిస్తున్నాను, ఒకసారి వేడినీళ్ళలో ఉడకబెట్టి వాడుకో. సబ్బు పెట్టకు, వాసన గుజ్జుకి పడుతుంది. కాయ తొడిమ ఎండి గట్టిగా ఉన్నది చూసి కొను, కొన్నాక ఫోటో పెట్టు.

మీ పెద్దమ్మ