ధ్యానానికి కూర్చోగానే కునుకు పడుతోంది... నాకేమైనా జబ్బా?

ప్రశ్న: నా వయసు 49. టీచర్‌గా పనిచేస్తున్నాను. ఏడాదిగా తెల్లవారుజామున 4 గంటలకు లేచి ధ్యానం చేస్తున్నాను. గోడకు ఆనుకుని కూర్చుంటాను. పది నిమిషాలైనా కాకుండానే తల వాలిపోతుంది. ఉలిక్కిపడి కళ్లు తెరిచేసరికి ఒక్కోరోజు అరగంట గడిచిపోయి ఉంటుంది. మా ధ్యాన బృందంలో కొందరు ‘అది నిద్ర కాదు, లోతైన ధ్యానం’ అంటున్నారు. మావారేమో గురక కూడా పెడుతున్నానంటారు. రాత్రి పని ముగించుకుని పడుకునేసరికి పదకొండున్నర అవుతుంది. రెండేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. తుమ్ముల వల్ల రాత్రిపూట సిట్రజిన్ వేసుకుంటాను. నిద్ర రాకుండా ధ్యానం చేయాలంటే ఏం చేయాలి? నాకేమైనా జబ్బు ఉందా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలో నా దృష్టి ముందుగా పడింది గడియారం లెక్క మీద. పదకొండున్నరకు పడక, నాలుగింటికి మెలకువ. పక్క మీద వాలగానే నిద్ర పట్టిందనుకున్నా నాలుగున్నర గంటలే. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. అంటే మీకు రోజూ రెండున్నర గంటలు తక్కువ పడుతోంది. ఆదివారం కాసేపు ఎక్కువ పడుకున్నంత మాత్రాన ఈ బాకీ తీరదు. ధ్యానంలో మీకు కునుకు పట్టడానికి మొదటి కారణం ఇదే. మీకు ఏకాగ్రత లేదనో, సాధన కుదరడం లేదనో బాధపడకండి. అయితే మీరు రాసిన గురక, థైరాయిడ్, సిట్రజిన్... ఈ మూడింటినీ తేలిగ్గా వదిలేయలేం. వాటి సంగతి కూడా చెబుతాను.

మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. నిద్రపోయినప్పుడు తగ్గుతుంది. రాత్రి నిద్ర చాలకపోతే పొద్దున లేచేసరికే నిద్రమత్తు మిగిలి ఉంటుంది. పగలు ఆ సంగతి మనకు అంతగా తెలియదు. వెలుతురు, మాటలు, నడక, క్లాసులో పిల్లల గోల, మధ్యలో ఒక కాఫీ... ఇవన్నీ కలిసి మనల్ని నిలబెడతాయి. కాఫీ కూడా ఆ నిద్రను తీసేయదు. అడినోసిన్ పనిచేసే చోట కొన్ని గంటలు అడ్డుపడుతుంది, అంతే.

ధ్యానానికి కూర్చున్నప్పుడు ఈ ఆసరాలన్నింటినీ మనమే ఒక్కొక్కటిగా పక్కన పెట్టేస్తాం. కళ్లు మూసుకోగానే మెదడులో సెకనుకు 8 నుంచి 12 సార్లు కదిలే ఆల్ఫా తరంగాలు ఎక్కువవుతాయి. శ్వాస నెమ్మదిస్తుంది, గుండె వేగం కాస్త తగ్గుతుంది, కండరాలు వదులవుతాయి. నిద్రలోకి జారుకునే ముందు కూడా శరీరం ఇదే దారిలో నడుస్తుంది. సరిపడా నిద్రపోయినవాళ్లు ఈ దశలో ప్రశాంతంగా, మెలకువగా ఉండగలుగుతారు. నిద్ర చాలనివాళ్లు అక్కడ ఆగలేరు. ఆల్ఫా తరంగాలు చెదిరి, వాటికన్నా నెమ్మదైన థీటా తరంగాలు వచ్చేస్తాయి. అది నిద్ర మొదటి మెట్టు. మెడ కండరాల పట్టు సడలి తల ముందుకు వాలుతుంది. ఆ కుదుపుకే మీరు ఉలిక్కిపడి లేస్తున్నారు.

నిద్ర సమస్యలు చూసే విభాగంలో పగటిపూట అతినిద్రను కొలవడానికి ఒక పరీక్ష ఉంది. మల్టిపుల్ స్లీప్ లేటెన్సీ టెస్ట్ అంటారు. తలకు వైర్లు అమర్చి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే గదిలో పడుకోబెట్టి, ఎన్ని నిమిషాల్లో నిద్ర పట్టిందో చూస్తారు. రెండేసి గంటలకోసారి నాలుగైదు సార్లు ఇలా చేస్తారు. సగటున 8 నిమిషాలు, లేదా అంతకన్నా ముందే నిద్ర పడితే అతినిద్ర కింద లెక్క. మీ ధ్యానం గదిలో రోజూ జరుగుతున్నది ఇంచుమించు ఇదే. పైగా మీరు పడుకుని లేరు, కూర్చుని ఉన్నారు. మెలకువగా ఉండాలని ప్రయత్నిస్తున్నారు కూడా. అయినా పది నిమిషాల్లో తల వాలిపోతోందంటే నిద్ర బాకీ బాగానే పేరుకుంది. ధ్యానం మీకు నిద్ర తెప్పించడం లేదమ్మా, ఒంట్లో ఉన్న నిద్రను బయటపెడుతోంది.

ఇక బ్రాహ్మీ ముహూర్తం సంగతి. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలయ్యే ఆ వేళ ధ్యానానికి మంచిదని పెద్దలు చెప్పారు. నిశ్శబ్దంగా ఉంటుంది, ఇంట్లో ఎవరూ పిలవరు, కాబట్టి సాధనకు అనువైన సమయమే. కానీ ఆ అలవాటు పొద్దుగూకాక భోంచేసి, ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా పడుకున్న కాలం నాటిది. వాళ్లకు నాలుగింటికి నిద్ర పూర్తయ్యేది. రాత్రి పదకొండున్నర దాకా మేలుకునే వాళ్లకు ఆ సమయం అర్ధరాత్రితో సమానం. మనకు సహజంగా మెలకువ వచ్చే వేళకు సుమారు రెండు గంటల ముందు శరీర ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. మెదడు చురుకుదనం అతి తక్కువగా ఉండేది కూడా అప్పుడే. అలారం పెట్టుకోని రోజు మీరు ఆరు, ఆరున్నరకు లేస్తారనుకుంటే, సరిగ్గా మీరు ధ్యానానికి కూర్చునే వేళే అది. దానికి తోడు, కలలు వచ్చే నిద్రలో ఎక్కువ భాగం రాత్రి చివరి జామునే ఉంటుంది. నాలుగింటికి లేవడంతో మీరు ఆ భాగాన్నే కోల్పోతున్నారు. పాత నియమంలో లేవడాన్ని మాత్రం పట్టుకుని పడుకోవడాన్ని వదిలేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పద్ధతి నాకు ఆందోళన కలిగిస్తుంది. ఎందుకంటే మంచి పని చేస్తున్నామన్న నమ్మకంతో ఏళ్ల తరబడి నిద్ర పోగొట్టుకుంటారు. నిద్ర లేమి ఎక్కువ కాలం సాగితే బీపీ, మధుమేహం వచ్చే అవకాశం పెరుగుతుంది.

‘అది నిద్ర కాదు’ అని మీ బృందంలోవాళ్లు అనడం వెనుక చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. తొలి దశ నిద్రలోంచి లేపితే ‘నేను నిద్రపోనేలేదు’ అని నిజాయతీగానే చెప్పేవారు చాలామంది. 1976లో ‘సైన్స్’ అనే పరిశోధన పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ధ్యానంలో బాగా అనుభవం ఉన్న అయిదుగురికి ధ్యాన సమయంలోనే ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీశారు. ధ్యానం చేస్తున్నామని కూర్చున్న సమయంలో చెప్పుకోదగ్గంత సేపు వాళ్లు నిద్రలోనే, అదీ గాఢనిద్ర దశల్లో కూడా ఉన్నట్టు తేలింది. అనుభవజ్ఞుల సంగతే అలా ఉంటే మీరు చిన్నబోవాల్సింది ఏముంది? తేడా ఇంట్లోనే గమనించుకోవచ్చు. మెడ నిటారుగా నిలిచి, బయట పాలవాడి కేక వినిపిస్తూ, అది మిమ్మల్ని కదిలించకుండా ఉంటే మెలకువగా ఉన్నట్టే. అరగంట ఎటు పోయిందో తెలియకపోవడం, తల వాలడం, నోరు తెరుచుకోవడం, సంబంధం లేని కల ముక్కలు కనిపించడం, గురక... ఇవి నిద్ర గుర్తులు. మీ విషయంలో మీవారు చెప్పిందే నిజం.

ఆ గురకే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి, పది సెకన్లు, అంతకు మించి శ్వాస ఆగిపోవడాన్ని స్లీప్ ఆప్నియా అంటాం. శ్వాస ఆగినప్పుడల్లా మెదడు క్షణం మేల్కొని మళ్లీ ఊపిరి తీయిస్తుంది. గంటకు ఇలా 5 కన్నా తక్కువ సార్లు జరిగితే ఫర్వాలేదు. 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఇలాంటివాళ్లు ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర తీరదు. మగవారి జబ్బని చాలామంది అనుకుంటారు కానీ, నెలసరి ఆగే వయసు దాటాక ఆడవారిలోనూ బాగా పెరుగుతుంది. ఆడవారు నిద్ర వస్తోందని చెప్పడం తక్కువ. నీరసం, పొద్దున్నే తలనొప్పి, చిరాకు అని చెబుతారు. అందుకే బయటపడటం ఆలస్యమవుతుంది. మీవారిని ఒక పని అడగండి. రాత్రి మీరు గాఢనిద్రలో ఉన్నప్పుడు గురకను ఫోన్‌లో రెండు మూడు నిమిషాలు రికార్డు చేయమనండి. గురక మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయి, తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు పెద్ద శబ్దంతో ఊపిరి వస్తుంటే ఆలస్యం చేయకుండా పల్మనాలజిస్టునో (ఊపిరితిత్తుల డాక్టర్), ఈఎన్‌టీ డాక్టర్‌నో కలవండి. నిద్రలో శ్వాస తీరును చూసే పరీక్షను స్లీప్ స్టడీ అంటారు. అది ఇప్పుడు ఇంట్లోనే పడుకుని చేయించుకునే వీలు కూడా ఉంది.

సిట్రజిన్ రాత్రి వేసుకుంటే దాని ప్రభావం తెల్లారేదాకా ఉంటుంది. కొందరికి మత్తు బాగానే ఉంటుంది. మీరు పదకొండింటికి మాత్ర వేసుకుని నాలుగింటికి లేస్తే మందు ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. మత్తు తక్కువగా ఉండే ఫెక్సోఫెనడిన్ లాంటి మందులు ఉన్నాయి. ముక్కులో కొట్టుకునే స్ప్రేలు ఉన్నాయి. మీ డాక్టర్‌ను అడిగి మార్చుకోండి. థైరాయిడ్ మాత్ర విషయానికొస్తే, చివరిసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఎప్పుడు చూపించుకున్నారు? మోతాదు చాలకపోతే మందకొడితనం, అతినిద్ర, బరువు పెరగడం, గురక అన్నీ కలిసి వస్తాయి. మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీ, టీలకు కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. మాత్ర, కాఫీ ఒకేసారి తీసుకుంటే మందు సరిగా ఒంటబట్టదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ 4 గంటల తేడా ఉండాలి. టీఎస్‌హెచ్‌తో పాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12, షుగర్ కూడా చూపించుకోండి. మీ వయసులో నెలసరి ఎక్కువగా అవుతుంటే రక్తహీనత తెలియకుండానే వస్తుంది. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే వెంటనే చికిత్స మొదలుపెట్టాలి.

ఇప్పుడు సాధన గురించి. మొదటి రెండు మూడు వారాలు నాలుగింటి అలారం తీసేయండి. రాత్రి పడుకునే సమయాన్ని మూడు నాలుగు రోజులకోసారి ఓ పావుగంట ముందుకు జరుపుతూ పదింటికి తీసుకురండి. ఇంటిపని అంతా మీ ఒక్కరి మీదే ఉంటే ఇది కుదరదు. రాత్రి గిన్నెలు, మర్నాటి టిఫిన్ ఏర్పాట్లు ఇంట్లో మిగతావాళ్లు పంచుకోవాల్సిందే. ఇది కూడా వైద్యంలో భాగమని మీవారికి నా మాటగా చెప్పండి. అయిదున్నరకు లేచి, ముఖం కడుక్కుని, లైటు వేసుకుని, నాలుగు అడుగులు నడిచాక కూర్చోండి. తెల్లవారుజామున కుదరకపోతే సాయంత్రం స్కూలు నుంచి వచ్చి స్నానం చేశాక కూర్చోండి. చాలామందికి పడుకునే వేళకు రెండు మూడు గంటల ముందు మెదడు బాగా చురుగ్గా ఉంటుంది. భోజనం అయ్యాక మాత్రం వద్దు.

గోడకు ఆనుకోవడం మానేయండి. వెన్నుకు ఆసరా లేకపోతే నిటారుగా ఉంచడానికి కండరాలు పనిచేస్తూనే ఉంటాయి, అది మెలకువకు సాయం. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో అంచున కూర్చుని పాదాలు నేల మీద ఆనించండి. పద్మాసనమే వేయాలన్న పట్టుదల అక్కర్లేదు. కళ్లు సగం తెరిచి దీపం వెలుగు చూస్తూ మొదలుపెట్టవచ్చు. గంట సేపు కూర్చోవాలన్న లెక్క పెట్టుకోకండి, పన్నెండు, పదిహేను నిమిషాలు మెలకువగా కూర్చుంటే చాలు. శ్వాసను ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి మళ్లీ మొదటికి రండి. లెక్క తప్పిందంటే కునుకు దగ్గర్లో ఉందని అర్థం. అప్పుడు లేచి నిలబడండి.

ఇది కొత్త సమస్యేమీ కాదు. బుద్ధుడి ముఖ్య శిష్యుల్లో ఒకడైన మొగ్గల్లానుడు ధ్యానంలో కూర్చుని కునికిపాట్లు పడుతుంటే బుద్ధుడు చెప్పిన ఉపాయాలు పాలి భాషలోని బౌద్ధ సుత్తాల్లో (బోధనల్లో) వరసగా ఉన్నాయి. చెవులు లాగు, ఒళ్లు రుద్దుకో, లేచి కళ్లు నీళ్లతో కడుక్కో, నక్షత్రాల వైపు చూడు, వెలుగును తలచుకో, అటూ ఇటూ నడువు అని చెబుతాడు. ఇవేవీ పనిచేయకపోతే కుడివైపు తిరిగి పడుకోమంటాడు. భగవద్గీత ఆరో అధ్యాయం కూడా అతిగా నిద్రపోయేవారికీ, అసలు నిద్రపోనివారికీ యోగం కుదరదని చెబుతుంది. కాబట్టి మరీ ఆపుకోలేని రోజున మీరూ నిశ్చింతగా పడుకోండి. ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుని లేచి, ఆ తర్వాత కూర్చోండి. అరగంట దాటి పడుకుంటే లేచాక మత్తు వదలదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మీరు స్కూలుకు ఎలా వెళ్తున్నారో రాయలేదు. స్కూటీ మీద వెళ్తుంటే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కళ్లు మూతపడటం, కొంత దూరం ఎలా వచ్చారో గుర్తు లేకపోవడం ఎప్పుడైనా జరిగిందా? ఒక్కసారి జరిగినా సరే, పరీక్షలు పూర్తయ్యేదాకా బండి నడపకండి. ఆటోలోనో బస్సులోనో వెళ్లండి. అలాగే నవ్వినప్పుడో, కోపం వచ్చినప్పుడో మోకాళ్లలో ఒక్కసారిగా పట్టు తప్పుతుంటే అది నార్కొలెప్సీ అనే అరుదైన సమస్య కావచ్చు, న్యూరాలజిస్టుకు చూపించాలి. ఇవేవీ లేకుండా, మూడు వారాలు ఏడు గంటల చొప్పున పడుకున్నాక కునుకు తగ్గిపోతే వేరే పరీక్షలు అక్కర్లేదు. నేను చెప్పిన రక్తపరీక్షలు చాలు. అప్పటికీ తగ్గకపోతే, గురక రికార్డింగ్‌లో ఏమీ తేడాగా అనిపించకపోయినా సరే, స్లీప్ స్టడీ చేయించుకోండి.