కాలిఫోర్నియాలో సొంతింటి రూఫ్ మీద సోలార్‌కి జోనింగ్ అప్రూవల్ కావాలా?

మామూలు ఇంటికైతే జోనింగ్ అప్రూవల్, అంటే ఈ స్థలంలో ఇది కట్టొచ్చని సిటీ ఇచ్చే అనుమతి, విడిగా అక్కర్లేదండీ. హియరింగులూ, పక్కింటోళ్ల అభ్యంతరాలూ లాంటివేం ఉండవండీ, సిటీ నుంచి బిల్డింగ్ పర్మిట్ తీస్కుంటే చాలు, అది కూడా ఎక్కువగా ఇన్‌స్టాలరే చూసుకుంటాడు. చూడ్డానికి బాలేదని సిటీ కాదనడానికి లేదు, రాష్ట్ర చట్టం ప్రకారం జనాల ఆరోగ్యానికో భద్రతకో ముప్పుంటేనే ఆపగలరు. రూఫ్ బరువు మోస్తుందా, వైరింగ్ సరిగ్గా ఉందా, ఫైర్ వాళ్లు నడవడానికి దారి వదిలారా, చూసేది ఇవే.

అసలు తలనొప్పంతా హెచ్‌ఓఏతోనే, అంటే మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘంతో. వాళ్లకీ అప్లికేషన్ పెట్టాలి గానీ, అన్ని కాగితాలూ అందాక 45 రోజుల్లో రాతపూర్వకంగా కాదనకపోతే ఓకే అయినట్టే లెక్క. ప్యానెల్స్ రూఫ్ వెనక వైపుకి మార్చమంటే, దానివల్ల ఖర్చు 1000 డాలర్ల కంటే ఎక్కువ పెరిగినా, వచ్చే కరెంటు 10 శాతం కంటే ఎక్కువ తగ్గినా ఒప్పుకోనక్కర్లేదు. ఏదైనా ఈమెయిల్‌లోనే మాట్లాడండి, ఫోన్లో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.