మండపీత పెద్దదే, లోపల కండ లేదంటే

తడ దగ్గర పులికాట్ సరస్సులో మీరు పట్టి తిరుపతికి తెచ్చిన మండపీతలు కొత్తగా పెంకు విడిచినవి అయ్యుంటాయి. ఉడికించాక నీళ్లే కనిపించాయన్నారు కదా, అందుకే. పెంకు వదిలిన పీత నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. ఆ నీళ్లున్న చోట కండ నిండడానికి వారాలు పడుతుంది. మీ వంటలో తప్పేం లేదండీ.

ఈసారి ఒడ్డునే ఇలా చూడండి:

1. కరిచే పెద్ద కాళ్లు రెండూ ముందు తాడుతో గట్టిగా కట్టండి.

2. తిరగేసి, పొట్టవైపు పెంకును వెనక కాళ్ల మొదట్లో బొటనవేలితో నొక్కండి. చాలామంది వదిలేసేది ఇదే. సైజు చూసి మురిసిపోయి బుట్టలో వేసేస్తారు. రెండు వైపులా నొక్కాలి. లోపలికి దిగితే ఖాళీ, రాయిలా ఉంటే నిండు.

3. పొట్ట మరీ తెల్లగా మెరుస్తుంటే అనుమానించండి. మరకలు పడ్డ పాత పెంకు పీతే మంచిది.

మెత్తనివీ, పొట్ట కింద గుడ్లు మోస్తున్నవీ దయచేసి అక్కడే నీళ్లలో వదిలేయండి.

మిగతావాటిని తడి గోనెసంచి కప్పి, గాలి ఆడేలా తెచ్చుకోండి. మూత పెట్టిన నీళ్ల బకెట్‌లో వేస్తే దారిలోనే చస్తాయి. చచ్చిన పీతను మాత్రం వండొద్దు.