రాస్ప్‌బెర్రీ పైలో హువావే ఈ3372: డాంగిల్ కనిపిస్తోంది, టీటీవై-యూఎస్‌బీ0 రావడం లేదు

రాస్ప్‌బెర్రీ పై (చిన్న లైనక్స్ కంప్యూటర్)కు హువావే ఈ3372 (సిమ్‌తో ఇంటర్నెట్ ఇచ్చే యూఎస్‌బీ డాంగిల్) తగిలించినా, డబ్ల్యూవీడయల్ (మోడెమ్‌తో డయల్ చేసే ప్రోగ్రామ్)కు కావలసిన టీటీవై-యూఎస్‌బీ0 (మోడెమ్‌తో మాట్లాడే సీరియల్ పోర్టు) రావడం లేదని అడిగారు. మీ డాంగిల్ చెడిపోలేదు. లైనక్స్‌కు అది మోడెమ్‌గా కాక ఇంకా సీడీ డ్రైవ్‌గానే కనిపిస్తోంది. మీరు ఇచ్చిన ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే కమాండ్) ఫలితంలోని 12డీ1:1ఎఫ్01 అన్న గుర్తింపు సంఖ్య చెబుతున్నది అదే. విండోస్ వాడేవారికి డ్రైవర్లు అందించడానికి తయారీదారు చేసిన సదుపాయం మనకు అడ్డంకి అయింది.

1. డాంగిల్‌ను సీడీ డ్రైవ్ స్థితి నుంచి మార్చే యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, డాంగిల్‌ను తీసి మళ్లీ పెట్టండి.

2. సంఖ్య 12డీ1:14డీసీగా మారాలి. డాంగిల్ మధ్యమధ్యలో మాయమవుతుంటే, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్‌కు తగిలించండి.

3. చాలామంది పొరబడేది ఇక్కడే. 14డీసీ అంటే హైలింక్ స్థితి. అందులో డాంగిల్ తానే నెట్‌వర్క్‌కు అనుసంధానమై, కంప్యూటర్‌కు ఈథర్‌నెట్ కార్డులా కనిపిస్తుంది కాబట్టి, మీరు వెతుకుతున్న టీటీవై-యూఎస్‌బీ0 ఈ స్థితిలో రాదు, మీరు కుస్తీ పడుతున్న డబ్ల్యూవీడయల్‌తో అసలు పనే లేదు. కొత్తగా చేరిన ఇంటర్‌ఫేస్‌కు (సాధారణంగా ఈటీహెచ్1) డీహెచ్‌సీపీ (చిరునామాను దానంతటదే కేటాయించే పద్ధతి) ద్వారా 192.168.8తో మొదలయ్యే చిరునామా అందిందేమో చూడండి.

4. సిమ్ పిన్, ఏపీఎన్ (మొబైల్ కంపెనీ ఇంటర్నెట్ అనుసంధానం పేరు) వివరాలను బ్రౌజర్‌లో 192.168.8.1 తెరిచి అక్కడే ఇవ్వండి.