ఒకరే లెక్క చేసి మిగతావాళ్లు చూసి రాసుకోకుండా పైపు ప్రవాహాన్ని గ్రూపుల్లో ఎలా నేర్పాలి?

పాఠాన్ని విడగొట్టి పంచండి. నలుగురి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో అంశం: కంటిన్యుటీ (పైపు సన్నబడినా లావైనా ప్రవాహ పరిమాణం ఒకటే), బెర్నౌలీ సూత్రం (పీడనం, వేగం, ఎత్తుల సంబంధం), రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం సాఫీగా ఉందా, సుడులు తిరుగుతోందా చెప్పేది), ఘర్షణ నష్టం (పైపు రాపిడికి పోయే శక్తి). ఒకే అంశం వచ్చినవాళ్లు 15 నిమిషాలు కలిసి చదివి, తమ జట్టుకు తిరిగొచ్చి నేర్పాలి.

తర్వాత నాలుగూ కలిస్తేగానీ తేలని లెక్క ఇవ్వండి: 20 మీటర్ల పొడవు, 50 మి.మీ. వ్యాసం ఉన్న నున్నటి అడ్డపైపులో సెకనుకు 2 లీటర్ల నీరు. పీడనం ఎంత పడిపోతుంది? వేగం 1.02 మీ/సె, రెనాల్డ్స్ సంఖ్య సుమారు 51,000, డార్సీ గుణకం (ఘర్షణ ఎంతో చెప్పే సంఖ్య) 0.021, హెడ్ నష్టం (నీటి ఎత్తుగా చెప్పిన శక్తి నష్టం) 0.44 మీటర్లు, అంటే దాదాపు 4.4 కిలోపాస్కల్స్. జవాబు నాలుగో వంతే వస్తే డార్సీ సూత్రంలో ఫ్యానింగ్ గుణకం (డార్సీ గుణకంలో నాలుగో వంతు ఉండేది) వేశారన్నమాట.

అసలు చర్చ పుట్టేది నీరు అంతే ఉంచి వ్యాసం సగం చేసినప్పుడే. నష్టం ఎన్ని రెట్లో ముందే ఊహించి రాయమనండి. వేగం 4 రెట్లు, దాని వర్గం 16, వ్యాసం సగమైనందుకు మరో 2. గుణకం మారదనుకుంటే 32 రెట్లు. వివరించేవారిని చీటీ తీసి పిలవండి. లేకపోతే బాగా వచ్చినవాళ్లే మాట్లాడతారు.